అందరి వేళ్ళూ పడేదాకా

మా ఎదురింటి పెద్దబాపు చనిపోయారు. పొద్దున చాయ్ తాగి, బయటికి పోదామని చెప్పులు వేసుకోవడానికి గడప మీద కూర్చున్నవారు మళ్ళీ లేవలేదు. ఆయన భార్య, మా పెద్దవ్వ, కేక విని నేను పరుగెత్తుకెళ్ళేసరికి ఒక కాలికి చెప్పు ఉంది, ఇంకో కాలికి లేదు. వేములవాడ ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్ళాం. దారిలోనే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు. ఆ రోజు ఆయన, నేను కలిసి నలుగురు ఆడవాళ్ళ ఇళ్ళకు పోవాల్సి ఉంది. వాళ్ళ వేలిముద్రలు కొత్త మిషన్ తీసుకుంటుందో లేదో చూడాలి. ఆ నలుగురిలో మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, ఒకరు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. రాసినా మా ఊళ్ళోనే సగం మందికి ఎవరో తెలియదు. కొందరికి ఆయన సెంటర్ బాపు, కొందరికి మస్కట్ బావ. నాకు పెద్దబాపు. మాకూ ఆయనకూ చుట్టరికం లేదు, రెండిళ్ళ మధ్య ఉన్నది ఒక సిమెంటు రోడ్డు.

పద్నాలుగేళ్ళు గల్ఫ్‌లో పనిచేసి వచ్చి, ఇంటి ముందుగదిలో ఒక సెంటర్ పెట్టారు. ఒక పాత కంప్యూటర్, ఒక జిరాక్స్ మిషన్, వేలిముద్రలు తీసుకునే చిన్న నల్ల డబ్బా. ఆధార్ కాగితాలు, ధరణి భూమి కాగితాలు, పరీక్ష ఫీజులు, అన్నీ చేసేవారు. కాని అసలు పని పింఛను ఆడవాళ్ళది. మా ఊళ్ళో ఇంటికొకరైనా బీడీలు చుడతారు. ఏళ్ళ తరబడి చుట్టినవాళ్ళకు వయసు మళ్ళాక పీఎఫ్ పింఛను వస్తుంది. అది ఆగకుండా రావాలంటే ఏడాదికోసారి వేలు పెట్టి, తాము బతికే ఉన్నామని చూపించుకోవాలి. లైఫ్ సర్టిఫికెట్ అంటారు దాన్ని. వేలు పడితే బతికున్నట్టు. పడకపోతే పింఛను ఆగిపోతుంది.

బీడీ చుట్టేవాళ్ళ వేళ్ళు మీరు దగ్గరి నుంచి చూశారో లేదో తెలియదు. తునికాకును రోజుకు వెయ్యిసార్లు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లిస్తే, ఆ వేళ్ళ మీద గీతలు మిగలవు. నున్నగా అయిపోతాయి. మా అవ్వ బొటనవేలు చిన్నప్పుడు నా బుగ్గకు తగిలితే నున్నటి గాజులా ఉండేది. అందరి అమ్మల వేళ్ళూ అట్లాగే ఉంటాయనుకునేదాన్ని.

అవ్వకు నలుగురం. నేను చివరిదాన్ని, బడికి పోయినవాళ్ళలో మొదటిదాన్ని. కరీంనగర్‌లో డిగ్రీ అయ్యాక ఇంటికొచ్చి, ఏం చేయాలో తెలియక వాకిట్లో కూర్చుని అవ్వకు ఆకు కత్తిరించి ఇస్తుంటే, రోడ్డు అవతలి నుంచి ఆయన పిలిచారు.

“తెలుగు టైపు వస్తదా బిడ్డా?”

“రాదు పెద్దబాపు.”

“మంచిదాయె. వస్తదని చెప్పి రానోళ్ళతోని పరేషాన్ అయితున్న. రేపటి సంది రా.”

అట్లా మూడేళ్ళు ఆయన పక్కన కూర్చున్నాను. వేలు పెట్టడానికి ఎవరొచ్చినా ముందు కుర్చీ ఇచ్చేవారు. పాత లుంగీ గుడ్డతో మిషన్ అద్దం తుడిచి, “అక్కా, వేలు పట్టుకోనా?” అని అడిగాకే చేయి ముట్టేవారు. పడకపోతే ఎప్పుడూ “నీ వేలు పడతలేదు” అనలేదు. “మిషన్‌కు చాతనైతలేదు” అనేవారు. నేను ఒకసారి పొరపాటున “మీ వేలు పడతలేదు పెద్దమ్మా” అన్నాను. ఆమె వెళ్ళేదాకా ఆగి, “తప్పు ఎవలది బిడ్డా? నలభై ఏండ్లు పనిచేసిన వేలిదా, నిన్నగాక మొన్న వచ్చిన డబ్బాదా?” అన్నారు. ఆ మాట తర్వాత నేను ఇంకెప్పుడూ అట్లా అనలేదు.

ఇక విండోస్ సంగతి. సెంటర్ నడుపుకోవడానికి మాకు ఐడీ ఇచ్చిన ఏజెన్సీ నుంచి నిరుడు ఒక మెయిల్ వచ్చింది. పాత విండోస్‌కు ఇక రక్షణ ఉండదు, అన్ని సెంటర్లూ కొత్త విండోస్‌కు మారాలి అని. కొత్త దాని మీద మా నల్ల డబ్బా నడవదు. దాని బదులు చిన్న తెల్ల మిషన్ పెట్టుకోవాలి. పెద్దబాపు మెయిల్ చదివి మూసేశారు.

“నడిచే బండిని ఎవడన్న గుంజి పడేస్తడా?”

నాలుగు నెలలు అంతే. గుర్తు చేస్తే చేయి ఊపేవారు. ఇక్కడ ఆయన తప్పు కూడా రాయాలి, లేకపోతే నేను రాసేది నిజం కాదు. ఒకరోజు ఎవరో పెన్‌డ్రైవ్ తెచ్చి ఫొటోలు ప్రింట్ అడిగారు. అందులోంచి వైరస్ ఎక్కింది. మర్నాడు కంప్యూటర్ తెరిస్తే స్కాన్ చేసి దాచిన కాగితాలు ఒక్కటీ తెరుచుకోలేదు. ఊళ్ళోవాళ్ళ ఆధార్లు, పాసుపుస్తకాలు, అన్నీ పోయాయి. సిరిసిల్ల నుంచి వచ్చిన మెకానిక్ మళ్ళీ అదే పాత విండోస్ కొట్టి, “కాకా, దీనికి తలుపుల్లేవు. ఎవడన్న లోపటికి రావచ్చు” అని చెప్పి పోయాడు. ఆ రోజంతా పెద్దబాపు అన్నం తినలేదు. కాగితాలు పోయినవాళ్ళందరి ఇళ్ళకూ తానే వెళ్ళారు. “నా మొండితనంతోని అయింది. మళ్ళ తెచ్చియ్యుండ్రి, జిరాక్స్ నేనే తీస్త” అని గడపగడపకూ చెప్పి వచ్చారు.

మర్నాడు నాతో, “మారుదాం” అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. నా లాప్‌టాప్‌లో కొత్త విండోస్ ఉంది. తెల్ల మిషన్ తెప్పించి దానికి తగిలించాం. పింఛనుదారులు ఒక్కొక్కరినే పిలిచి వేలు పెట్టించాం. చాలామందివి పడ్డాయి. కొందరివి ఫోన్లో ముఖం చూసే యాప్‌తో అయ్యాయి. కళ్ళలో శుక్లాలు ఉన్నవాళ్ళకు, చెప్పినప్పుడు రెప్ప వాల్చలేనివాళ్ళకు అది కూడా కాలేదు. చివరికి పందొమ్మిది మంది మిగిలారు. పాత నల్ల డబ్బా వాళ్ళ ముద్రను ఐదారు సార్లకైనా తీసుకునేది. తెల్ల మిషన్ ఎర్రలైటు చూపించి ఊరుకుంది.

పెద్దబాపు చాలాసేపు ఆ పందొమ్మిది పేర్లూ చూశారు. తర్వాత నా లాప్‌టాప్ మూసి, “మారుడు ఆపు” అన్నారు.

నేను ఒక ఉపాయం చెప్పాను. ఈ ఏడాది సర్టిఫికెట్లు ముందే పాతదాని మీద చేసేసి, ఆ తర్వాత మార్చుకుంటే ఒక సంవత్సరం గడుస్తుంది కదా అన్నాను.

“వచ్చే ఏడు వీళ్ళు బతికుండరా?” అన్నారాయన. “ఒక్కసారి మారినమంటే మన మాట ఎవడు వింటడు? మారకముందే వింటరు. పందొమ్మిది వేళ్ళు తెల్లదాని మీద పడాలె. ఆ తర్వాతనే విండోస్.”

ఏజెన్సీ జిల్లా కోఆర్డినేటర్ వారానికోసారి ఫోన్ చేసేవాడు. చిన్నవాడు, చెడ్డవాడు కాదు. పెద్దబాపు స్పీకర్ పెట్టి మాట్లాడేవారు.

“అంకుల్, జిల్లాల మీ సెంటర్ ఒక్కటే పెండింగ్ ఉన్నది. నాకు పైనుంచి తిట్లు.”

“జిల్లాల బీడీలు చుట్టేటోళ్ళు మా ఊళ్ళనే ఉన్నరా సారూ? మిగిలిన సెంటర్లల్ల వేళ్ళు పడనోళ్ళు ఏమైండ్రు?”

“గా సంగతి నాకు తెల్వదు అంకుల్. వేలు పడకుంటె బ్యాంకుల పోయి కాగితం ఇచ్చుకుంటరు.”

“బ్యాంకుల అడిగితె సెంటర్‌కు పొమ్మంటుండ్రు. మీరేమో బ్యాంకుకు పొమ్మంటుండ్రు. నడుమ బస్టాండ్ల కూసోవాల్నా ముసలోళ్ళు?”

“పందొమ్మిది మంది కోసం ఐడీ పోగొట్టుకుంటరా?”

“పోతే పోనీ. మారుస్త సారూ, మారుస్తలేనని ఎవలన్నరు? అందరి వేళ్ళు పడ్డ రోజు నేనే ఫోన్ చేస్త. అప్పటిదాక మీరు చేయకుండ్రి, ఉత్తగ పరేషాన్.”

ఫోన్ పెట్టేసి నవ్వేవారు కాని, వెంటనే లెక్కల పుస్తకం తెరిచేవారు. ఆ ఐడీ పోతే ఆయన ఇల్లు గడవదు. నా జీతం కూడా అందులోంచే. అట్లాంటి ఫోన్ ఒకటి అయ్యాకే, నేను అడగకుండానే గల్ఫ్ సంగతి చెప్పారు. మొదటి ఆరేళ్ళు ఆయన అక్కడ సిమెంటు పనిలో ఉన్నారు. సిమెంటు వేళ్ళను తినేస్తుందట. సెలవు మీద ఇంటికొచ్చి తిరిగి వెళ్ళినప్పుడు, విమానాశ్రయంలో మిషన్ ఆయన వేలు తీసుకోలేదు. పాస్‌పోర్టు గుంజుకుని, పొద్దటి నుంచి సాయంత్రం దాకా గోడ పక్కన నిలబెట్టారు.

“నేను ఎదురుంగనే నిలబడి ఉన్న బిడ్డా. వాడు నా దిక్కు చూసుకుంటనే నేను లేనంటుండు.”

నాకు అంతవరకు ఆయనది మొండితనం అనిపించేది. ఆ తర్వాత అట్లా అనిపించలేదు.

ఒక రెండువందల పేజీల నోటుబుక్కు కొని, ఒక్కొక్కరికి ఒక పేజీ రాశారు. పది వేళ్ళూ వరుసగా పెట్టించి ఏది ఎంతవరకు పడుతుందో రాసుకునేవారు. ‘ఎడమ చిటికెనవేలు, పొద్దున, నూనె రాసినంక.’ ‘కుడి నడిమివేలు, స్నానం చేసినంక వెంటనే.’ బీడీ చుట్టడంలో ఎడమ చేతి చివరి రెండు వేళ్ళకు పని తక్కువ. ఆ సంగతి పుట్టినప్పటి నుంచి బీడీల మధ్య పెరిగిన నాకు తట్టలేదు, ఆయనకు తట్టింది. ఆ వేళ్ళతోనే ఆరుగురివి అయిపోయాయి. ఇంకొందరికి ఆధార్‌లో ముద్రలే పాతబడ్డాయని తెలిసి, ఆటో మాట్లాడి కరీంనగర్ తీసుకెళ్ళి కొత్తగా ఇప్పించారు. మా వీధి చివరింటి లచ్చవ్వకు ఆయన బావ వరస.

“ఉంగరం వేలు ఇయ్యి లచ్చవ్వా” అంటే, “ఈ వయసుల నా ఉంగరం వేలుతోని ఏం పని బావా? అక్కకు చెప్పాల్నా?” అని పెద్దవ్వ ఉన్న లోపలి గది వైపు చూసింది.

“బొటనవేలు కార్ఖానాకు ఇచ్చుకున్నవ్. గిదన్న నాకు ఇయ్యి” అన్నారాయన.

గదిలో ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. వేలు మాత్రం పడలేదు. లచ్చవ్వ ఇంటికి పోయి, మిషన్‌కు తంబాకు మురికి గిట్టడం లేదేమోనని, ఇటుక ముక్క తీసుకుని పది వేళ్ళూ రుద్దుకుంది. మిగిలిన నాలుగు గీతలు కూడా పోయాయి. మర్నాడు ఎర్రగా కందిన వేళ్ళతో వచ్చి చూపిస్తే పెద్దబాపుకు కోపం వచ్చింది. నేను ఆయన కోపం చూసింది అదొక్కసారే.

“ఏ పాపం చేసినయని గా వేళ్ళను రుద్దినవ్? మురికా అది? నలుగురు పిల్లలను సాదిన చేతులు.”

లచ్చవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆయన కాసేపటికి నెమ్మదించి, “ఇగ నువ్వు పదొద్దులు ఆకు ముట్టకు” అన్నారు.

“ముట్టకుంటె ఎవలు పెడతరు బువ్వ?”

జవాబు ఆడవాళ్ళే తెచ్చారు. లచ్చవ్వ రోజూ చుట్టే వెయ్యి బీడీలను పది మంది పంచుకున్నారు, తలా ఒక వంద. ఆ పదిమందిలో మా అవ్వ ఉంది, నేను కూడా ఉన్నాను. కార్ఖానాలో లచ్చవ్వ పేరు మీదే వెయ్యీ పడ్డాయి. పదకొండో రోజు పొద్దున లచ్చవ్వ ఎడమ చేయి తెచ్చి తెల్ల మిషన్ మీద పెట్టింది. పచ్చలైటు వెలిగింది. “బతికున్ననా బావా?” అని అడిగింది. “ఉన్నవ్ లచ్చవ్వా, ఇగ ఏడాది దాక ఫికర్ లేదు” అన్నారు పెద్దబాపు. చర్మానికి పని తప్పిస్తే గీతలు మళ్ళీ వస్తాయని మాకు అట్లా తెలిసింది. అప్పటి నుంచి వేలికి సెలవు అనేది మా వీధిలో ఒక పద్ధతి అయింది. ఒకరి తర్వాత ఒకరు సెలవు తీసుకుంటారు, మిగిలినవాళ్ళు వాళ్ళ బీడీలు చుడతారు. పందొమ్మిది నలుగురికి వచ్చింది. అక్కడే ఆయన పోయారు.

మూడో రోజు కర్మకు పోయి, పిట్టకు బువ్వ పెట్టి వచ్చాక, సెంటర్ తాళం పెద్దవ్వ నా చేతిలో పెట్టింది. ఆ సాయంత్రమే కోఆర్డినేటర్ ఫోన్ చేశాడు.

“చాలా బాధ అనిపించింది మేడం. మంచి మనిషి. జర మొండి, అంతే. ఇప్పుడు ఏం అడ్డం లేదు కదా, ఈ వారంల కొత్త విండోస్ కొట్టించుండ్రి.”

“అడ్డం అట్లనే ఉంది సార్. ఇంకో నలుగురు ఉన్నరు.”

“నలుగురే కద మేడం.”

“పేర్లు చెప్తాను, రాసుకోండి” అన్నాను. నాలుగు పేర్లూ, వయసులూ, ఎన్నేళ్ళు బీడీలు చుట్టారో, ఒక్కొక్కటే చెప్పాను. నాలుగో పేరు మా అవ్వదని చెప్పలేదు. అతను నాలుగూ రాసుకున్నాడు. నెలాఖరు దాకా చూస్తానని, ఆ తర్వాత తన చేతిలో ఏమీ ఉండదని అన్నాడు. మాట గాలికి పోతుంది, మెయిల్ పెట్టు అని పెద్దబాపు ఎప్పుడూ చెప్పేవారు. ఆ మాటే పట్టుకుని, ఏజెన్సీ ఫారంలో సెంటర్ ఎందుకు మారలేదని అడిగే గడిలో నలుగురి పేర్లూ, వాళ్ళ వేళ్ళ పరిస్థితీ రాసి పంపాను. ఆయన సంతకం ఉండాల్సిన చోట మొదటిసారి నా సంతకం పెట్టాను.

ఆ తర్వాతి రెండు వారాల్లో ముగ్గురు ఒకేసారి వేళ్ళకు సెలవిచ్చారు, ముగ్గురివీ పడ్డాయి. ఇప్పుడు మిగిలింది అవ్వ ఒక్కతే.

ఇది రాయడం నాకు కష్టంగా ఉంది. మా అవ్వ కాకుండా ఇంకెవరో అయితే సెంటర్‌ను ఇట్లా ఆపేదాన్నా? అవ్వ కాబట్టే ఆపుతున్నానా? రెండు రోజులు ఇదే ఆలోచించాను. నోటుబుక్కు మళ్ళీ తిరగేస్తే, లచ్చవ్వ పేజీకీ అవ్వ పేజీకీ రాతలో తేడా కనబడలేదు. అందరికీ ఒక్కొక్క పేజీ, అందరికీ పదేసి వేళ్ళు. పేజీ నిండకుండా ఎవరినీ వదిలేయలేదు ఆయన. నేను కూడా వదిలేయను. మా అవ్వ అయినంత మాత్రాన ఆమె వంతు ఎందుకు తగ్గాలి?

అవ్వ మాత్రం ఒప్పుకోలేదు.

“నా ఒక్కదాని కోసం గంత పంచాయితీ ఎందుకు బిడ్డా. మార్చెయ్. నేను బతికున్న సంగతి నీకెరుకనే కద.”

“నాకు ఎరుకైతే సాలదవ్వా. వాళ్ళకు ఎరుక కావాలె.”

“ఐడీ పోతే?”

“పోతే పోనీ. ఇంకో పని చూసుకుంట.”

“పెద్దబాపు తోని కూసుండి నువ్వు కూడ గట్లనే తయారైనవ్” అని విసుక్కుంది. ఆ విసుగు నాకు సంతోషంగానే అనిపించింది. లచ్చవ్వ వచ్చి అవ్వ ముందున్న చాటను ఆకుతో సహా ఎత్తుకుపోయింది. ఆమె వెనకాలే ఇంకో నలుగురు వచ్చి తంబాకు, దారం కూడా పంచుకుని పోయారు. నేను కడుపులో ఉన్నప్పుడు కూడా, నొప్పులు మొదలయ్యేదాకా చుట్టిన మనిషికి మొదటిసారి చేతిలో పని లేదు. మొదటి రెండు రోజులు కొంగు అంచును వేళ్ళ మధ్య దొర్లిస్తూనే ఉంది. చేతికి గుడ్డ కట్టాల్సి వచ్చింది.

ఇవాళ తొమ్మిదో రోజు. నెలాఖరుకు ఇంకా ఆరు రోజులున్నాయి. పొద్దున అవ్వ వాకిట్లో ఎండకు కూర్చుని గుడ్డ విప్పి, రెండు చేతులూ ముందుకు చాచి చూసుకుంటోంది. నేను పక్కన కూర్చున్నాను. ఎడమ చేతి ఉంగరం వేలి కొస మీద, లేత ఆకు ఈనెల్లాగా, సన్నటి గీతలు లేస్తున్నాయి. నా పుట్టుకలో ఆ వేలి మీద గీతలు చూడటం ఇదే మొదలు.

“రేపు పెట్టి చూద్దామా అవ్వా?” అన్నాను.

అవ్వ వేలిని ఎండ వైపు ఇంకొంచెం తిప్పింది.

“ఆగు” అంది. “గంత తొందరేంది వాళ్ళకు? ఇంకో రెండొద్దులు రానీ.”